చక్రాలకు ఏ పూత? ఏ రంగు?

మన అసోసియేషన్ పిక్నిక్‌లకు ఈమధ్య వచ్చినవాళ్ళు పార్కింగ్ లాట్‌లో ఒక మార్పు గమనించే ఉంటారు. ఒకప్పుడు అక్కడ కామ్రీలూ, అకార్డులూ, పిల్లలున్నవాళ్ళ మినీవాన్లూ తప్ప వేరే బళ్ళు కనపడేవి కావు. ఇప్పుడు వాటి మధ్య నేల మీదినుంచి ఎత్తుగా లేచిన టకోమాలు, రాంగ్లర్లు, బ్రాంకోలు నిలబడుతున్నాయి. వెనకనుంచి పులిహోర గిన్నె దింపుకోవాలంటే స్టూలు వేసుకోవాలి. ఇవి మనవి కావు లెండి, మన పిల్లలవి.

వాటిని చూసి మన తరం వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "రెండు కాళ్ళ మనిషికి ఇంత బండి ఎందుకురా?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాని ఆ బళ్ళకు చక్రాలు మార్పించుకోబోయే ముందు పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. ఏ ఫినిష్ వేయించాలి, ఏ రంగు వేయించాలి అని. దానికి నాకు కొంత జవాబు తెలుసు. వరంగల్ ఆర్.ఇ.సి.లో మెటలర్జీ చదువుకుని, ఇక్కడ డెట్రాయిట్ శివార్లలో ముప్ఫై ఏళ్ళు అల్యూమినియం పోతపనిలో గడిపినవాణ్ణి. రిటైరయ్యాక ఆ చదువు ఇంట్లోనే అక్కరకొస్తుందని అనుకోలేదు.

మా అమ్మాయి జియాలజీ చదివింది. యూటా రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. వారానికి మూడు రోజులు రోడ్డు లేని చోట తిరగాలి, అదీ ఎక్కువసార్లు ఒంటరిగా. అందుకని వాడిన టకోమా ఒకటి కొనుక్కుంది. బండి బాగానే ఉంది. పాత యజమాని వేయించిన చక్రాలే బాగాలేవు. పైన పారదర్శకంగా వేసిన పూత పొరలు పొరలుగా లేచిపోతోంది. "నాన్నా, వీటికి మళ్ళీ రంగు వేయించనా, కొత్తవి కొననా? కొంటే ఏ రంగు కొనను?" అని అడిగింది. వాళ్ళమ్మ వెంటనే, "ఏ రంగైనా సరే గాని నల్లవి వద్దు" అంది. మా ఇంట్లో నెలరోజులు సాగిన ఆ చర్చలో తేలిన విషయాలు మన సభ్యుల కుటుంబాలకు పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ముందు లోహం, తర్వాత రంగు

చక్రం రంగు గురించి మాట్లాడేముందు అది దేనితో చేసిందో తెలుసుకోవాలి. బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి స్టీలు. బరువెక్కువ, ధర తక్కువ, వంగితే సుత్తితో కొంతవరకు సరిచేసుకోవచ్చు. గీత పడినచోట తుప్పు పడుతుంది, అంతే. రెండోది పోత అల్యూమినియం. మనం చూసే చక్రాల్లో ఎక్కువభాగం ఇవే. ఎ356 అనే మిశ్రమలోహం ఎక్కువ వాడుక. అందులో దాదాపు ఏడు శాతం సిలికాన్, అర శాతం కన్నా తక్కువ మెగ్నీషియం ఉంటాయి. మూడోది ఫోర్జింగ్, అంటే గట్టి లోహపు దిమ్మను బ్రహ్మాండమైన ఒత్తిడితో నొక్కి చేసినది. తేలిక, బలం రెండూ ఎక్కువే, ధరా ఎక్కువే.

బోల్టుల మధ్య దూరం కూడా చూసుకోవాలి. టకోమాకు ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల వలయం. ఎఫ్-150కి కూడా ఆరే, కాని వలయం 135 మిల్లీమీటర్లు. కొత్త రాంగ్లర్లకు అయిదు బోల్టులు, 127 మిల్లీమీటర్లు. స్నేహితుడి బండికి బాగుందని అదే కొనేస్తే మన బండికి ఎక్కదు. చక్రం ఎంత బరువు మోయగలదో దాని మీదే ముద్రవేసి ఉంటుంది. ఆ అంకె లేని చక్రం ఎంత అందంగా ఉన్నా కొనకండి.

పూతలలో రకాలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చక్రాల పూతలు ప్రధానంగా అయిదు రకాలు.

మొదటిది క్రోమ్. అద్దంలా మెరుస్తుంది. అయితే అది ఒక్క పొర కాదు. అల్యూమినియం మీద నికెల్, చాలాసార్లు దానికింద రాగి, అన్నిటికన్నా పైన అతి పల్చగా క్రోమియం ఉంటాయి. ఏదైనా రాయి తగిలి సూదిమొనంత రంధ్రం పడితే చాలు, ఉప్పునీరు లోపలికి దిగుతుంది. నికెల్, అల్యూమినియం రెండూ ఉప్పునీటిలో కలిసినప్పుడు బ్యాటరీలో జరిగే పనే జరుగుతుంది, అల్యూమినియం తినుకుపోతుంది. పైనున్న మెరుపు బొబ్బలెక్కి ఊడొస్తుంది. టైరు ఆనుకునే అంచు దగ్గర ఇలా జరిగితే గాలి సన్నగా కారిపోతుంటుంది. పంక్చరేమీ కనపడదు, వారానికోసారి గాలి మాత్రం కొట్టించాలి. ఇంకో విషయం కూడా ఉంది. ఈ పూతకు వాడే హెక్సావాలెంట్ క్రోమియం ఆ పనిచేసేవాళ్ళకు కాన్సర్ తెచ్చే పదార్థం. అందుకే కాలిఫోర్నియా ప్రభుత్వం 2023లో నిబంధనలు మార్చి, అలంకారం కోసం వేసే పూతల్లో దాని వాడకాన్ని 2027 మొదలు తప్పించాలని నిర్ణయించింది. కొన్ని షరతుల మీద 2030 దాకా గడువిచ్చింది.

రెండోది ఉత్త పాలిష్. పూతేమీ లేకుండా అల్యూమినియంనే రుద్ది మెరిపిస్తారు. గీత పడితే మళ్ళీ రుద్దుకోవచ్చు, అదొక సుగుణం. కాని మన ఇళ్ళలో ఇత్తడి బిందెలను చింతపండుతో తోమినట్టు దీన్నీ ఎప్పటికప్పుడు తోముతూనే ఉండాలి. వానలూ, ఉప్పూ లేని అరిజోనాలో సరే. మనలాంటి చోట్ల నెలరోజులు వదిలేస్తే తెల్లగా బూజు పట్టినట్టవుతుంది.

మూడోది మెషీన్డ్ ఫినిష్. చక్రం ముఖాన్ని లేతు మీద చెక్కి, ఆ మెరుపు పోకుండా పైన పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తారు. షోరూములో చాలా బాగుంటుంది. మా అమ్మాయి బండికున్నవి ఇవే. చెక్కిన అంచులు పదునుగా ఉండటంవల్ల అక్కడ పూత పల్చబడుతుంది. కంకర తగిలి అది చిట్లితే ఉప్పుతేమ పూతకింద పాకుతూ సాలెగూడులాంటి తెల్లటి గీతలు గీస్తుంది. దీన్ని ఫిలిఫాం కొరోజన్ అంటారు. పైనుంచి ఎంత కడిగినా పోదు, ఎందుకంటే అది పూతకింద ఉంది.

నాలుగోది ఎనొడైజింగ్. ఇది పైన పూసేది కాదు, విద్యుత్తుతో లోహం ఉపరితలాన్నే గట్టి ఆక్సైడుగా మార్చడం. ఫోర్జింగ్ చక్రాలకు బాగా కుదురుతుంది. పోత చక్రాల్లో సిలికాన్ ఎక్కువ కాబట్టి రంగు మురికి బూడిదలా తేలుతుంది. రంగులద్దిన ఎనొడైజింగ్ ఎండకు వెలుస్తుంది కూడా. ఘాటైన క్షారపు క్లీనర్లు తగిలితే మచ్చలు పడతాయి.

అయిదోది పౌడర్ కోటింగ్. పొడి రంగుకు విద్యుదావేశం ఇచ్చి చల్లితే లోహానికి అంటుకుంటుంది. ఓవెన్‌లో పెడితే కరిగి, గట్టిపడి, ఒకే పొరగా అతుక్కుంటుంది. దాదాపు 50 నుంచి 100 మైక్రాన్ల మందం, అంటే సుమారుగా మన తలవెంట్రుక మందం. రాళ్ళ దెబ్బలకు మామూలు రంగుకన్నా బాగా తట్టుకుంటుంది. పైపొర పాలియెస్టరుదై ఉండాలని అడగండి. ఎపాక్సీ పొడి ఒక్కటే వేస్తే ఎండకు సుద్దలా పొడి రాలుతుంది. ఎపాక్సీని అడుగుపూతగా వేసి పైన పాలియెస్టరు వేస్తే రెండింటి లాభమూ దక్కుతుంది.

మా డెట్రాయిట్ నగరం కింద దాదాపు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. చలికాలంలో రోడ్లకెక్కే ఉప్పు చివరికి మన చక్రాలకే చేరుతుంది. మిషిగన్‌లో ఉండి రోజూ ఆఫీసుకు నడుపుతూ, వేసవిలో సిల్వర్ లేక్ ఇసుక దిబ్బలకు వెళ్ళేవాళ్ళకు నేనైతే ముఖమంతా కప్పిన పౌడర్ కోటింగ్ తప్ప మరొకటి చెప్పను.

పాకం ముదిరితే

ఇక్కడ ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇందులో అందానికన్నా ప్రాణానికి సంబంధం ఎక్కువ.

మా అమ్మాయి తన పాత చక్రాలకు మళ్ళీ పూత వేయించడానికి ఒక షాపులో ధర కనుక్కుంది. చక్రానికి 125 డాలర్లు, స్పేరుతో కలిపి అయిదింటికి 625. కొత్తవి కొంటే ఒక్కోటి 260 చొప్పున 1,300. తేడా 675 డాలర్లు. కొత్త ఊళ్ళో ఇంటి అడ్వాన్సు కట్టాల్సిన పిల్లకు అది చిన్న మొత్తమేమీ కాదు. "పాత పూత ఎలా తీస్తారో అడుగమ్మా" అన్నాను. ఓవెన్‌లో పెట్టి కాల్చేస్తామన్నారట. ఎంత వేడి అని అడిగించాను. ఏడెనిమిది వందల డిగ్రీల ఫారెన్‌హీట్ అన్నారు. అంటే దాదాపు 370 నుంచి 430 సెల్సియస్.

పోత చక్రం బలం దానికి ఇచ్చిన కాకలో ఉంది. పోసిన తర్వాత దాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, ఒక్కసారిగా నీళ్ళలో ముంచుతారు. తర్వాత 150, 160 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిదానంగా ఉంచుతారు. అప్పుడు మెగ్నీషియం, సిలికాన్ కలిసి కంటికి కనపడనంత సన్నటి రేణువులుగా లోహమంతా పరుచుకుంటాయి. ఆ రేణువులే చక్రాన్ని వంగకుండా పట్టి ఉంచేవి. దీన్నే టి6 అంటారు. మళ్ళీ నాలుగు వందల డిగ్రీల దగ్గర గంటలకొద్దీ కాలిస్తే ఆ సన్న రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, వాటి పట్టు పోతుంది.

మా ఆవిడకు అరిసెల పాకంతో పోల్చి చెప్పాను. పాకం సరిగ్గా ఉండకట్టే సమయంలో దింపాలి, ఇంకాసేపు పొయ్యిమీద ఉంచితే పని చెడుతుంది. అరిసెలైతే గట్టిపడతాయి, చక్రమైతే మెత్తబడుతుంది, తేడా అంతే. మా అమ్మాయికి ఆ పోలిక అక్కరలేకపోయింది. రాయి ఎంత వేడిలో ఎంతసేపు ఉందో దాన్నిబట్టే స్ఫటికం పెరుగుతుందని ఆమెకు నాకన్నా బాగా తెలుసు. మన ఊళ్ళలో కమ్మరివాళ్ళకూ ఈ సంగతి చదువు లేకుండానే తెలుసు. బండి చక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాచి తొడిగి, నీళ్ళు పోసి బిగించేవారు. ఎంత కాచాలో, ఎప్పుడు నీళ్ళు పోయాలో అన్నదే వాళ్ళ విద్య.

అలా కాల్చిన చక్రం చూడటానికి ఏ లోపమూ ఉండదు. రంగువేశాక పెళ్ళికూతురిలా ఉంటుంది. గుంటలో పడినప్పుడు వంగుతుంది, లేదా కొన్నాళ్ళకు అలిసి పగులుతుంది. ఫోన్ సిగ్నల్ లేని ఎడారిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ సంగతి తెలియడం ఎవరికీ వద్దు. 675 డాలర్లు నేను ఇస్తానన్నాను. "ఇవ్వక్కర్లేదు నాన్నా, రెండు నెలలు ఆగి కొనుక్కుంటాను" అంది. ఆగింది కూడా.

పౌడర్ కోటింగ్‌లోనూ ఓవెన్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. అది మామూలుగా 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది, ఇరవై నిమిషాలు. ఒక్కసారికి పెద్ద నష్టం ఉండదు. ఇంకా తక్కువ వేడిలో గట్టిపడే పొడులు కూడా ఉన్నాయి. అయితే నచ్చలేదని మూడుసార్లు, నాలుగుసార్లు రంగు మార్పిస్తూ పోతే ఆ వేడి కూడుతూ వస్తుంది. పాత పూత తీయించాల్సి వస్తే అల్యూమినియానికి పనికొచ్చే రసాయనంతోనో, మెత్తటి రేణువులు చల్లే బ్లాస్టింగ్‌తోనో తీయమనండి. కాల్చడం మాత్రం వద్దు.

మరొక చిన్న జాగ్రత్త. చక్రం హబ్‌కు ఆనేచోట, లగ్ నట్లు కూర్చునే చోట పౌడర్ పడకుండా మూసి వేయాలి. అక్కడ మందంగా రంగుంటే బిగించిన కొన్నాళ్ళకు అది నలిగి నట్లు వదులవుతాయి. ఎవరు బిగించినా సరే, యాభై నుంచి వంద మైళ్ళు నడిపాక మాన్యువల్‌లో చెప్పినంత బిగువుకు టార్క్ రెంచితో మళ్ళీ చూసుకోవాలి.

ఇక రంగు

పూత పౌడర్ అని తేలాక రంగు దగ్గర మా ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. నాది వెండి రంగు, అమ్మాయిది కంచు రంగు, వాళ్ళమ్మది నలుపు కాని ఏదైనా.

నలుపు ఎందుకంత వాడుకో ముందు చెప్పాలి. బ్రేకుల నుంచి రాలే పొడిలో ఇనుము ఉంటుంది. అది లేత రంగు చక్రాల మీద పడి తుప్పు మచ్చలు చేస్తుంది, నలుపు మీద కనపడదు. గరుకుగా ఉండే మాట్ నలుపు మీద చిన్న గీతలు కూడా దాగుతాయి. గీత పడితే ఇంట్లోనే స్ప్రే డబ్బాతో సరిచేసుకోవచ్చు. మెరిసే నలుపు మాత్రం ఇందుకు పూర్తి విరుద్ధం. వేలిముద్రలు, గుడ్డతో తుడిచిన గీతలు, ఎండిన నీటిచుక్కలు అన్నీ చూపిస్తుంది. ఊళ్ళో తిరిగే బండికి సరే గాని రాళ్ళలోకి వెళ్ళే బండికి కాదు. మాట్ పూతకూ ఒక ఇబ్బంది ఉంది. మైనం రాయకూడదు, పాలిష్ చేయకూడదు. చేస్తే అక్కడక్కడా మెరుపు మచ్చలు తేలతాయి.

వెండి రంగు, బూడిద రంగు ఎండిన మట్టినీ, ఉప్పు మరకలనూ బాగా దాస్తాయి. తెలుపుకు ఒక్క గుణముంది. పగులు వస్తే అందులో మురికి చేరి సన్నటి నల్లగీతగా వెంటనే కనిపిస్తుంది. కాని రోజూ కడిగే ఓపిక ఎవరికుంది?

కంచు రంగు చాలాకాలంగా పందెపు కార్ల చక్రాలకు వాడుకలో ఉంది. జపాన్ కంపెనీ రేస్ 1996లో తెచ్చిన వోల్క్ రేసింగ్ టిఇ37 చక్రాలతో దానికి పెద్ద పేరొచ్చింది. టయోటా వాళ్ళు 4రన్నర్ నలభయ్యేళ్ళ సందర్భంగా 2023లో తెచ్చిన ప్రత్యేక బండికి కూడా కంచురంగు చక్రాలే వేశారు. యూటాలో మోయాబ్ ప్రాంతమంతా ఎర్రమట్టి, ఎర్రరాయి. ఆ దుమ్ము నలుపు మీద పౌడరు రాసినట్టు తెలుస్తుంది, కంచురంగు మీద కలిసిపోతుంది. అక్కడ 1967 నుంచి ఏటా ఈస్టరుకు జీపుల యాత్ర జరుగుతుంది. ఆ ఇసుకరాయి గరుకు కాగితంలాంటిది, చక్రపు అంచు తగిలిందంటే ఏ పూతైనా గీరుకుపోవలసిందే. పైగా రాళ్ళ మీద పట్టుకోసం టైర్లలో గాలి సగానికి తగ్గిస్తారు. అప్పుడు అంచు నేలకు ఇంకా దగ్గరవుతుంది.

కాబట్టి గీత పడుతుందా లేదా అని ఆలోచించడం అనవసరం. పడ్డాక ఏం చేయగలమన్నదే లెక్క. మా అమ్మాయి మాట కూడా అదే. "గీత పడితే నేనే సరిచేసుకోగలగాలి నాన్నా, దగ్గరి షాపు డెబ్భై మైళ్ళు" అంది. మెరుపు తక్కువున్న కంచురంగు, ఫ్యాక్టరీలోనే వేసిన పౌడర్ పూత, పోత చక్రాలు, 17 అంగుళాలవి కొనుక్కుంది. అదే రంగు టచప్ డబ్బా ఒకటి బండిలో పెట్టుకుంది. వాళ్ళమ్మ చూసి, "మా అమ్మమ్మగారి కంచు చెంబులా ఉన్నాయే" అని మెచ్చుకుంది. నా వెండి పార్టీ డిపాజిట్ కోల్పోయింది.

రాళ్ళెక్కే పోటీలవాళ్ళు బీడ్‌లాక్ చక్రాలు వాడతారు. వాటిలో టైరును బయటనుంచి ఒక వలయం బోల్టులతో పట్టి ఉంచుతుంది. ముందు దెబ్బతినేది ఆ వలయమే, దాన్ని విడిగా మార్చుకోవచ్చు కూడా. మీ పిల్లలు ఎరుపో, పసుపో కావాలని పట్టుబడితే ఆ రంగు వలయానికి వేయించి, చక్రాన్ని మామూలు రంగులో ఉంచమనండి. అయితే వాటి బోల్టుల బిగువు తరచు చూసుకోవాలి. చాలావాటిని తయారీదారులే రోడ్డు మీద వాడటానికి కాదని చెబుతారు.

ఆయుధపూజ, ఆ తర్వాత

దసరాకు బండికి పూజ చేయని ఇల్లు మనలో అరుదు. పసుపు కుంకుమలు పెట్టి, చక్రాలకింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. తప్పకుండా చేయండి. కాకపోతే నిమ్మరసం ఆమ్లం. ఉత్త పాలిష్ చక్రాల మీద చిమ్మి ఎండిపోతే మరక పడుతుంది. మాట్ పూత మీద కుంకుమ రుద్దుకుపోతే తీయడం కష్టం. బొట్టు టైరుకు పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోరు. సాయంత్రం నీళ్ళతో కడిగేయండి.

మామూలు రోజుల్లో కూడా చక్రం చల్లారాక, మెత్తటి సబ్బునీళ్ళతో కడగడమే ఉత్తమం. బజారులో దొరికే ఘాటైన ఆమ్లపు క్లీనర్లు కొన్ని పూతనూ తింటాయి, చేతినీ తింటాయి. చలికాలంలో వీలైనప్పుడల్లా చక్రాల లోపలివైపు కూడా నీళ్ళు కొట్టండి, ఉప్పు చేరేది అక్కడే.

కొనేముందు అడగవలసినవి నాలుగే. చక్రం మన బండి బరువు మోస్తుందా? పూత మనం ఉండే చోటి ఉప్పుకు, ఎండకు నిలుస్తుందా? గీత పడితే మనం సరిచేసుకోగలమా? పాతదానికి పూత వేయిస్తుంటే ఎంత వేడిలో పెడతారు? ఈ నాలుగింటికీ జవాబు దొరికాక రంగు పిల్లల ఇష్టానికి వదిలేయవచ్చు. బండి వాళ్ళది, ప్రయాణమూ వాళ్ళదే. మనం చూసుకోవలసింది వాళ్ళు క్షేమంగా తిరిగివస్తారా అన్నది.